యాంబాసిడర్ హెడ్‌లైట్లు మార్చాలంటే: పాత డూమా, హెచ్4 గ్లాసా, ఎల్‌ఈడీనా?

రాత్రిపూట యాంబాసిడర్ నడిపేవాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: లైట్లు వెలుగుతున్నాయి గానీ రోడ్డు కనబడట్లేదు. దాంతో కొందరు షాపుకెళ్లి వంద వాట్ల బల్బు అడుగుతారు, కొందరు ఆన్‌లైన్‌లో తెల్లగా మెరిసే ఎల్‌ఈడీ డూమ్ (గ్లాసు, రిఫ్లెక్టర్ కలిసిన పూర్తి లైటు) తెప్పిస్తారు. ఆ రెండింటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి ఐదు నిమిషాలు, ఒక మల్టీమీటర్ చాలు.

ఇంజిన్‌ని 1500 ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపి, హై బీమ్ వేసి, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూడండి. తర్వాత హెడ్‌లైట్ కప్లర్ (బల్బు వెనక వైర్ల ప్లగ్గు) ఊడదీయకుండా, వెనక నుంచి ప్రోబ్ దూర్చి బల్బు దగ్గర చూడండి. కప్లర్ పీకేసి చూస్తే కరెంటు పారదు కాబట్టి మీటర్ అంతా బాగుందనే చెబుతుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. బ్యాటరీ దగ్గర 13.5, బల్బు దగ్గర 11.8 వస్తే మధ్యలో 1.7 వోల్టులు పోయినట్టు. వినడానికి చిన్న అంకె. కానీ ఫిలమెంట్ బల్బు వెలుతురు వోల్టేజీతో పాటు సమంగా తగ్గదు, సుమారు 3.4వ ఘాతంలో పడిపోతుంది. ఆ 1.7 వోల్టులకు మూడో వంతుకు పైగా వెలుతురు పోయినట్టే. ఎంత మంచి డూమ్ కొన్నా ఈ లెక్క మారదు.

వోల్టేజీ ఎక్కడ పోతోందో కూడా మీటరే చెబుతుంది. లైటు వేసి ఉంచి, ఒక ప్రోబ్ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ (కారు బాడీకి కలిపినది) మీద, రెండోది బల్బు ఎర్త్ పిన్ మీద పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ చెడిపోయింది. లైటు గిన్నె దగ్గర ఎర్త్ వైరు బిగించిన స్క్రూ విప్పి చూస్తే కారణం కళ్లకు కడుతుంది: చక్రం చిమ్మిన బురద, దాని కింద తుప్పు, ఆ కింద ఎప్పుడో వేసిన పెయింటు, వాటన్నిటి మీద పచ్చగా చిలుం పట్టిన రింగు టెర్మినల్. తుప్పు గీకి, రేకు మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త టెర్మినల్ వేసి, పైన గ్రీజు రాస్తే కొన్ని కార్లకు అంతటితోనే సమస్య తీరిపోతుంది.

మీ కారులో ఇప్పుడున్నదేమిటి?

యాంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టిన బండి కాబట్టి దానికి అప్పటి బ్రిటిష్ కార్ల 7 అంగుళాల గుండ్రటి లైటే వచ్చింది. వ్యాసం సుమారు 178 మిల్లీమీటర్లు. జీపులకీ, బుల్లెట్‌కీ, జిప్సీకీ ఇదే కొలత, అందుకే మార్కెట్లో ఇన్ని రకాలు దొరుకుతాయి. వేరే పాత కారు ఉన్నవాళ్లు మాత్రం గ్లాసు కొలిచి చూసుకున్నాకే కొనాలి. గుండ్రంగా ఉన్నవన్నీ 7 అంగుళాలవి కావు.

బల్బు బయటికి తీసి దాని అంచు చూడండి. మూడు చెవుల మధ్య వ్యాసం 45 మి.మీ. ఉంటే అది పీ45టీ బేస్. పాత 45/40 వాట్ల (హై బీమ్‌కి 45, లో బీమ్‌కి 40) ఆర్2 బల్బు దీనికే పడుతుంది. 43 మి.మీ. ఉంటే పీ43టీ, అంటే ఎవరో ఈపాటికే హెచ్4 రకం హాలోజన్ బల్బు వేశారు. ఇంకా పాత బండ్లలో బ్రిటిష్ ప్రీ-ఫోకస్ అనే మరో రకం హోల్డర్ ఉండొచ్చు. ఒక బేస్ బల్బుని ఇంకో హోల్డర్‌లో నొక్కి, తీగ చుట్టి నిలబెట్టే పద్ధతి మన షెడ్లలో ఉంది. ఫిలమెంట్ రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగినా బీమ్ చెట్ల కొమ్మల్లోకి పోతుంది.

మరో రెండు సంగతులు కూడా ముందే తేల్చుకోవాలి. బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిసింది? ఆ కాలపు బ్రిటిష్ డిజైన్ కార్లలో పాజిటివ్ ఎర్త్ మామూలు, తర్వాత వచ్చినవాటిలో, మార్పించినవాటిలో నెగటివ్. ఛార్జింగ్ డైనమో నుంచా, ఆల్టర్నేటర్ నుంచా? లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు, అదీ ఇంజిన్ వేగం మీద ఉంటేనే. ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. రెండు హెడ్‌లైట్లకు 10, ఇగ్నిషన్‌కు 4, వెనక లైట్లకూ వైపర్‌కూ కలిపి 5 వేసుకుంటే 19 అయ్యింది. మిగులు ఎంతో మీకే తెలుస్తుంది.

పాత డూమ్ ఉంచుకోవడం

కారు అసలు రూపం ముఖ్యమనుకునేవాళ్లకు ఇదే దారి. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనమే వింటేజ్ కింద, ‘వీఏ’ సిరీస్ నంబరుతో నమోదవుతుంది. (కార్ల చరిత్రకారులు వింటేజ్ అంటే 1919-1930 మధ్యవే అంటారు, ఆ లెక్కన యాంబాసిడర్ ఏనాటికీ వింటేజ్ కాదు. మనం నిబంధనల లెక్కే తీసుకుందాం.) చాసిస్, బాడీ, ఇంజిన్ మార్పుల మీద ఉన్నంత పట్టింపు ఆ నిబంధనల్లో హెడ్‌లైట్ మీద లేదు. కానీ ర్యాలీలో, ప్రదర్శనలో జడ్జీల కళ్లు ముందు పడేది కారు ముఖం మీదే.

పాత డూమ్‌లో చచ్చేది రిఫ్లెక్టర్. గ్లాసుకి ఏమీ కాదు. లోపల బూడిద రంగు మచ్చలు, గోధుమ రంగు మసక కనబడితే బల్బు ఏదైనా లాభం లేదు. బాగు చేయించేటప్పుడు ఒక తప్పు తరచూ జరుగుతుంది: ప్లేటింగ్ షాపుకిచ్చి క్రోమ్ వేయిస్తారు. చేతిలో అద్దంలా మెరుస్తుంది గానీ క్రోమ్ తన మీద పడ్డ వెలుతురులో మూడింట రెండు వంతులు కూడా సరిగ్గా తిప్పి పంపదు. వెండి పూత 90 శాతం పైనే పంపుతుంది కానీ గాలికి నల్లబడుతుంది. వ్యాక్యూమ్ మెటలైజింగ్ పద్ధతిలో వేసే అల్యూమినియం పూత 85 శాతం పైన ఇస్తుంది, పైన పారదర్శక ల్యాకర్ పూస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. అడగాల్సింది అదే. పూత వేశాక రిఫ్లెక్టర్‌ని లోపల గుడ్డతో తుడవకూడదు, వేలు కూడా తగలనివ్వకూడదు.

ఇందులో వేసే బల్బుకు రెండు దారులున్నాయి. ఆర్2 45/40 పాతదే, వెలుతురు పసుపుగా, మెత్తగా ఉంటుంది. పీ45టీ బేస్‌తోనే 60/55 హాలోజన్ కూడా తయారవుతోంది. డూమ్ మార్చకుండా దాదాపు ఒకటిన్నర రెట్లు వెలుతురు కావాలంటే అంతకన్నా తేలిక దారి లేదు. అయితే వెలుతురును రోడ్డు మీద పరిచే పాత గ్లాసు గీతలు పాత బల్బు కోసం గీసినవి. లో బీమ్‌కి కత్తితో కోసినట్టు గీత రాదు, కొంచెం పైకి చెదురుతుంది. అందుకే బీమ్‌ను మామూలు కన్నా కాస్త కిందికి దించి పెట్టుకోవాలి.

సీల్డ్ బీమ్

గ్లాసు, రిఫ్లెక్టర్, ఫిలమెంట్ అన్నీ ఒకే గాజు బుడ్డి. అమెరికాలో 1940 నుంచి 1983 దాకా ఇదే తప్పనిసరి. లోపలికి గాలి పోదు కాబట్టి రిఫ్లెక్టర్ ఎన్నటికీ మసకబారదు. కానీ లారీ చక్రం కింది రాయి ఒకటి తగిలితే చాలు, మొత్తం డూమే పోతుంది. రాత్రి దారిలో దొరికే వస్తువూ కాదు. పాత స్టాకు చేతిలో ఉంటే వాడండి, కొత్తగా వెతుక్కుంటూ పోనక్కర్లేదు.

హెచ్4 గ్లాసు డూమ్

నడిపే కారైతే పదిలో ఎనిమిదింటికి మా ఓటు దీనికే. బల్బు పీ43టీ బేస్, 60/55 వాట్లు. ప్రమాణం ప్రకారం హై బీమ్ 1650, లో బీమ్ 1000 ల్యూమెన్లు (వెలుతురు కొలత). లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు డొప్ప ఉంటుంది. అది రిఫ్లెక్టర్ కింది సగానికి వెలుతురు పోనివ్వదు కాబట్టే బీమ్ పైన తెగినట్టు గీత వస్తుంది. ఏ ఊళ్లో ఏ కిళ్లీ కొట్టు పక్కనున్న ఆటో షాపులోనైనా ఈ బల్బు దొరుకుతుంది. మైలుకో షోరూం లేని బండికి ఇది చిన్న విషయమేమీ కాదు.

కొనేటప్పుడు గ్లాసు మీది అక్షరాలు చదవండి. వృత్తంలో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం, పక్కన అంకె ఉంటే యూరప్ ప్రమాణం పాసైనట్టు, ‘హెచ్‌సీఆర్’ అంటే లో, హై రెండూ ఉన్న హాలోజన్ లైటు. అన్నిటికన్నా ముఖ్యం బాణం గుర్తు. లైటుకి ఎదురుగా నిలబడితే బాణం మీ కుడి చేతివైపు చూపిస్తుంటే అది మనలా ఎడమ పక్కన నడిచే దేశాలకు. బాణమే లేకపోతే కుడి పక్కన నడిచే దేశాలకు తయారైంది. అమెరికా నుంచో, జర్మనీ నుంచో బంధువులు సూట్‌కేసులో తెచ్చిన అందమైన డూముల్లో చాలావాటి సంగతి ఇదే. వాటి లో బీమ్ కుడివైపు పైకి లేస్తుంది, అంటే ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్ కళ్లలోకి.

గ్లాసు గీతలున్నది తీసుకోండి, పొంగుగా ఉన్నదైతే పాత రూపానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. నున్నటి పారదర్శక గ్లాసు, లోపల వజ్రంలా చెక్కిన రిఫ్లెక్టర్ ఉన్నవి కూడా పని బాగానే చేస్తాయి, కానీ యాంబాసిడర్ ముఖానికి నల్లకళ్లజోడు పెట్టినట్టుంటుంది. రిఫ్లెక్టర్ రేకుది కావాలి. చవకరకం ప్లాస్టిక్ రిఫ్లెక్టర్లు ఏడాదిలోపే బల్బు పైన పసుపెక్కి బుడగలొస్తాయి. మీ మోడల్‌లో పార్కింగ్ బల్బు హెడ్‌లైట్ లోపలే ఉంటే, కొత్త డూమ్‌కి ఆ రంధ్రం ఉందో లేదో కూడా చూసుకోండి.

100/90 వాట్ల బల్బు సంగతి. రోడ్డు మీద వాడటానికి అనుమతి లేదు, అది ఒకటి. రెండోది లెక్క. రెండు లైట్లకే 16 ఆంపియర్లకు పైన లాగుతుంది. పాత వైర్ల మీద కరెంటు పెరిగితే వైర్లలో పోయే వోల్టేజీ కూడా అంతే పెరుగుతుంది. కొన్న వెలుతురులో మంచి భాగం డ్యాష్‌బోర్డు వెనక వేడిగా మారి, బేకలైట్ హోల్డర్ గోధుమ రంగుకి తిరిగి, చివరికి ముట్టుకుంటే పొడి రాలుతుంది. వేడెక్కిన గ్లాసు మీద గుంటలో నీళ్లు చిమ్మితే పగుళ్లు బోనస్.

ఎల్‌ఈడీ: బల్బు వేరు, డూమ్ వేరు

హెచ్4 డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టడాన్ని ఎవరికీ సిఫారసు చేయలేం. ఆ రిఫ్లెక్టర్ సన్నటి ఫిలమెంట్ ఒకే బిందువు దగ్గర ఉంటుందని లెక్కవేసి చేసింది. ఎల్‌ఈడీ చిప్పులు ఆ బిందువుకి అటూఇటూ రెండు పక్కల ఉంటాయి. గోడ మీద వెలుతురు తెల్లగా, గొప్పగా కనిపిస్తుంది, రోడ్డు మీద మాత్రం కారు ముందు పదిహేను మీటర్లు మెరిసి ఆపైన చీకటి. వెనకున్న చిన్న ఫ్యాను మూసుకుపోయిన రేకు గిన్నెలో తిరుగుతుంది కాబట్టి వేడి బయటికి పోదు. ఇరవై నిమిషాలకి బల్బు తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది.

పూర్తి ఎల్‌ఈడీ డూమ్ వేరే కథ. అందులో లెన్సు, చిప్పు ఒకదానికొకటి సరిపడేలా తయారవుతాయి. ఒక్కోటి 25-40 వాట్లే తీసుకుంటుంది, ఫిలమెంట్ లేదు కాబట్టి కుదుపులకి మాడదు. రోజూ రాత్రి ప్రయాణాలుండి, ఆల్టర్నేటర్, నెగటివ్ ఎర్త్ ఉన్న బండికి ఇది న్యాయమైన ఎంపిక. ఎడమ పక్క ప్రయాణానికి సరిపోయే బాణం గుర్తు ఇక్కడా తప్పనిసరి.

చిక్కులు పాత బండి వైపు నుంచి వస్తాయి. పాజిటివ్ ఎర్త్ బండిలో మామూలు ఎల్‌ఈడీ డూమ్ వెలగదు, ఒక్కోసారి లోపలి సర్క్యూట్ పోతుంది కూడా. డైనమోకున్న పాత రెగ్యులేటర్ కాంటాక్టులు కొట్టుకుంటూ పనిచేస్తాయి కాబట్టి లైటు రెపరెపలాడుతుంది. తక్కువ కరెంటు కోసం డైనమో బండికి ఎల్‌ఈడీ వేద్దామనుకునే వాళ్లకి ఇదే అడ్డం. వెనక అల్యూమినియం రెక్కలు లోతుగా ఉండి గిన్నె అడుగుకి తగిలే ప్రమాదమూ ఉంది. కొనే ముందే తెలుసుకోవాలంటే కప్లర్ వెనక చపాతీ పిండి ముద్ద అంటించి, డూమ్‌ని గిన్నెలో నెమ్మదిగా కూర్చోబెట్టి తీయండి. ముద్ద చదునైపోతే చోటు లేనట్టే. ఇంకొకటి, గ్లాసు వేడెక్కదు. లంబసింగి లాంటి చోట తెల్లవారుజామున గ్లాసు బయటి మంచు ఎంతసేపటికీ ఆరదు, హాలోజన్ అయితే రెండు నిమిషాల్లో ఆరబెట్టుకుంటుంది.

ధరల్లో హెచ్4 డూమ్ అన్నిటికన్నా చవక. రిఫ్లెక్టర్‌కి పూత వేయించడం పనితనాన్ని బట్టి దానికి అటూఇటూగా ఉంటుంది. ప్రమాణం పాసైన ఎల్‌ఈడీ జత వాటికి ఎన్నో రెట్లు. హెచ్4 జత కన్నా చవగ్గా ఎల్‌ఈడీ జత దొరికిందంటే అనుమానించాల్సిందే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో కొత్త డూములకు లోటు లేదు. అసలు పాత రింగులు, గిన్నెలు కావాలంటే కోల్‌కతా మల్లిక్ బజార్ దాకా వాకబు చేయాలి.

రిలేలు, వైరింగ్

పాత డూమ్ ఉంచినా, హెచ్4 వేసినా రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్‌లు) పెట్టించండి. ఇప్పుడు లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్, పాత మోడళ్లలో కాలి కింద ఉండే, హై, లో మార్చే డిమ్-డిప్ స్విచ్, ఆపై బుల్లెట్ కనెక్టర్ల వరస దాటుకుని వస్తోంది. చెప్పుల బురదలో, వానల్లో కార్పెట్ కింద నానే ఆ కాలి స్విచ్‌ని ఒక్కసారి విప్పి చూస్తే చాలు. రిలే పెట్టాక ఆ స్విచ్ మోయాల్సింది 0.2 ఆంపియర్ లోపే.

కావాల్సినవి: 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలేలు రెండు (ఒకటి హై, ఒకటి లో), 15 ఆంపియర్ల ఫ్యూజులు హోల్డర్లతో రెండు, 4 చ.మి.మీ. రాగి వైరు రెండు మీటర్లు, 2.5 చ.మి.మీ. వైరు ఎనిమిది మీటర్లు, స్విచ్ వైపుకి 1 చ.మి.మీ. రెండు మీటర్లు, సెరామిక్ హెచ్4 కప్లర్లు రెండు. ఇంటి వైరింగ్ వైరు వద్దు, ఇంజిన్ వేడికి, నూనెకి దాని పూత పగిలిపోతుంది.

బ్యాటరీ లైవ్ టెర్మినల్ నుంచి ఫ్యూజు మీదుగా ప్రతి రిలేలో 30 అని రాసి ఉన్న పిన్‌కి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. 87 నుంచి రెండు లైట్లకూ. పాత ఎడమ కప్లర్‌కి వచ్చే హై వైరు ఒక రిలే 86కి, లో వైరు రెండో రిలే 86కి. రెండింటి 85లూ ఎర్త్‌కి. కుడి కప్లర్ పాత వైర్లను కోయకుండా స్లీవ్ వేసి కట్టేయండి, రేపు అసలు రూపానికి తిరిగి వెళ్లాలంటే పనికొస్తాయి. లూకాస్ రంగుల ప్రకారం నీలం మీద తెల్లచార హై, నీలం మీద ఎర్రచార లో, నలుపు ఎర్త్. కానీ యాభై ఏళ్లలో ఎన్ని చేతులు పడ్డాయో తెలియదు కాబట్టి టెస్ట్ ల్యాంపు చెప్పిందే నమ్మండి. పాజిటివ్ ఎర్త్ బండిలో లైవ్ అంటే నెగటివ్ టెర్మినల్. అక్కడ లోపల డయోడ్ ఉన్న రిలే కొనకూడదు.

లో బీమ్‌కి కుడి, ఎడమ లైట్లకు వేరు వేరు ఫ్యూజులు పెట్టుకుంటే ఇంకా మేలు. అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మలుపులో రెండూ ఒకేసారి ఆరిపోవు.

బిగించడం

ముందురోజు రాత్రే స్క్రూలకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. క్రోమ్ రింగు కింద స్క్రూ ఉంటే విప్పాలి, క్లిప్పు ఉంటే వెడల్పాటి స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి కింది నుంచి మెల్లగా ఎత్తాలి. లోపల డూమ్‌ని పట్టుకున్న రింగుకి చిన్న స్క్రూలు మూడుంటాయి. వీటితో పాటు స్ప్రింగు ఉన్న పొడుగు స్క్రూలు రెండు కనిపిస్తాయి, ఒకటి పైన, ఒకటి పక్కన. అవి బీమ్ సర్దుబాటువి, ఇప్పుడు ముట్టుకోవద్దు. డూమ్ బయటికి వచ్చాక గిన్నె లోపలి తుప్పు గీకి ప్రైమర్ కొట్టి, గిన్నెకీ ఫెండర్‌కీ మధ్య రబ్బరు కొత్తది వేయండి. హెచ్4 బల్బు గాజుని వేళ్లతో పట్టుకోవద్దు, తగిలితే స్పిరిట్‌తో తుడవండి. గ్లాసు మీద ‘టాప్’ అని ఉన్నది పైకి రావాలి. వెనక రబ్బరు టోపీ మరిచిపోతే మొదటి వానకే డూమ్‌లో నీళ్లు నిలుస్తాయి.

బీమ్ పెట్టడం

టైర్లలో గాలి సరిచూసి, చదునైన నేల మీద గోడకి సరిగ్గా 5 మీటర్ల దూరంలో కారు ఆపండి. డ్రైవర్ సీట్లో ఒక మనిషి కూర్చోవాలి. నేల నుంచి లైటు మధ్యబిందువు ఎత్తు కొలిచి గోడ మీద టేపు అంటించండి. లో బీమ్ గీత దానికి 6 సెం.మీ. కిందికి రావాలి. లైటు 70 సెం.మీ. ఎత్తులో ఉంటే ఆ బీమ్ రోడ్డుని 58 మీటర్ల దగ్గర తాకుతుంది. గీత కుడివైపు సమంగా సాగి, లైటుకి ఎదురుగా వచ్చాక ఎడమవైపు ఏటవాలుగా పైకి లేవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 106వ నిబంధన కూడా అడిగేది ఇదే తీరు: లైటుకి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిగా, నేలకి ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకూడదు.

యాంబాసిడర్‌కి ఇక్కడ ప్రత్యేకంగా ఒక జాగ్రత్త కావాలి. వెనక కమాన్‌పట్టీలు అలిసిపోయి ఉంటాయి, పైగా ఈ బండి వెనక సీట్లో ముగ్గురికి తక్కువ ఎక్కరు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 246 సెం.మీ. జనం ఎక్కి వెనక 5 సెం.మీ. కిందికి కూర్చుంటే బీమ్ 2 శాతం పైకి లేస్తుంది, అంటే గోడ మీద 10 సెం.మీ. మీరు దించింది 6 మాత్రమే. అందుకే ఎప్పుడూ కుటుంబంతో తిరిగే కారైతే వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి బీమ్ పెట్టండి, డిక్కీలో సామాను కూడా వేసి. పట్టీలు మార్పించే ఆలోచన ఉంటే ఆ పని ముందు కానిచ్చి, లైట్ల దగ్గరికి తర్వాత రండి.